తీయనని మాటిచ్చాక

విజయవాడలో ఆ ఆసుపత్రి చాలా పెద్దది. ఏలూరులోనో, గుడివాడలోనో, తాడేపల్లిగూడెంలోనో ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే అక్కడి డాక్టర్లు ఓ కట్టు కట్టి, సెలైను తగిలించి, అంబులెన్సు ఎక్కించి ఇక్కడికే పంపిస్తారు. అలా వచ్చినవాళ్ళ మీద మొదట చెయ్యి వేసే సర్జను సిల్వియా. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నడక మహా జోరు. ఆమె ఎమర్జెన్సీ వార్డులోకి వస్తోందంటే నర్సులు మాటలాపి సర్దుకుంటారు.

ఆమెది మండవల్లి. తండ్రి ఇస్సాకు మాస్టారు మిషను స్కూల్లో లెక్కలు చెప్పేవారు. పాలేరునైనా సరే 'ఏవండీ' అని తప్ప పిలిచేవారు కాదు. కూతురికీ అదే నేర్పారు. కాకినాడలో డాక్టరు చదువు, ఆ తరవాత పై రాష్ట్రంలో సర్జరీ చదువు అయ్యేసరికి సిల్వియా మాటల్లోంచి ఆ 'అండీ'లన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. నెత్తురోడుతూ వచ్చినవాడితో మర్యాదలు మాట్లాడే తీరిక ఎవరికి ఉంటుంది? 'కదలకు', 'ఊపిరి పీల్చు', 'నొప్పి ఎక్కడ?' అంతే.

నిజం చెప్పాలంటే ఆ పనిలో ఆమెకి నచ్చింది కూడా అదే. వచ్చినవాళ్ళెవరో ఆమెకి తెలీదు. ఆమె ఎవరో వాళ్ళకీ తెలీదు. కొందరు తెలివి లేకుండానే వస్తారు. కోసి, కుట్టి, నిలబెట్టి వార్డుకి పంపించేస్తే ఆ తరవాత సంగతి వేరే డాక్టర్లు చూసుకుంటారు. రోగి పేరు కన్నా గాయం పేరే ఆమెకి బాగా గుర్తుండేది. ఇన్నేళ్ళలో ఎంతమంది బతికారో, ఎంతమంది చేతుల్లోనే పోయారో, ఏ మొహమూ ఇంటి దాకా వెంట రాలేదు.

క్రాంతి కుమార్ మొహం వచ్చింది.

అతనిది కొల్లేటి ఒడ్డున, ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు పక్కన ఊరు. చేపల చెరువులు పట్టే బ్యాచికి మేస్త్రీ. వల ఎక్కడ దింపాలో, ఎటు నుంచి లాగాలో గట్టు మీంచి కేకేసి చెబుతూ, తనూ నీళ్ళలోకి దిగిపోయే రకం. వేసవి మొదట్లో ఒకరోజు పట్టుబడి అయిపోయి, ఐసు వేసిన ట్రేలు ఎక్కించుకున్న వ్యాను గట్టు మీద వెనక్కి వస్తోంది. గట్టు అంచు విరిగింది. టైరు కింద రాయి పెడదామని వంగిన క్రాంతి మీదకి వ్యాను ఒరిగిపోయింది. ఏలూరు తీసుకెళ్తే అక్కడ చూసి విజయవాడ పంపేశారు. మధ్యాహ్నం ఎండ మండిపోతున్న వేళకి అతను సిల్వియా ముందున్నాడు. పక్కనే భార్య క్రిస్టినా, చేతిలో నెత్తురుతో తడిసిన తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

అతనికి తెలివి ఉంది. అదే చిక్కయింది.

"నన్ను దించేయండి. ఏలూరు తీసుకుపోండి. ఇక్కడైతే కాలు తీసేత్తారంట. అంబులెన్సు దగ్గర అనుకుంటున్నారు, నేను విన్నాను," అంటూ స్ట్రెచరు కమ్మీ పట్టుకుని లేవబోతున్నాడు. మత్తు సూది దగ్గరికి తెస్తే నర్సు చెయ్యి విదిలించి కొట్టాడు.

సిల్వియా దుప్పటి ఎత్తి చూసింది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి నుజ్జునుజ్జుగా ఉంది. పాదం పట్టుకుంటే ఐసు ముక్కలా చల్లగా, తెల్లగా ఉంది. పొట్ట మీద చెయ్యి వేసింది. గట్టిగా, ఉబ్బుగా తగిలింది. లోపల ఎక్కడో నెత్తురు కారిపోతోంది. ఇంకాసేపు ఇలాగే పెనుగులాడితే కాలి మాట దేవుడెరుగు, మనిషే దక్కడు.

"నువ్వు చెప్పమ్మా," అంది క్రిస్టినాతో.

"నా మాట వినడండి. పొద్దుట్నుంచీ ఇదే గోల."

సిల్వియా అతని మొహం మీదకి వంగింది. ఎన్నాళ్ళుగానో నోట్లోంచి రాని పలుకు అప్పుడు దానంతటదే వచ్చింది.

"ఏ ఊరండీ మీది?"

ఆ గొంతు వినగానే అతను గింజుకోవడం ఆపాడు. "కైకలూరు రోడ్డులోనండి."

"మాదీ అటువైపేనండీ, మండవల్లి. మిషను స్కూల్లో ఇస్సాకు మాస్టారని చేసేవారు, విన్నారా? ఆయన కూతుర్నండీ నేను."

"ఇస్సాకు మాస్టారా!" అతని కళ్ళు వెడల్పయ్యాయి. "మా మావయ్య ఆయన దగ్గరే చదివాడండి. అయితే మీరు మనోళ్ళేనన్నమాట."

"మనోళ్ళమేనండీ."

"మరి... నా కాలు తియ్యరు కదండీ? నీళ్ళలో దిగి చేసే పనండి నాది. కాలు లేపోతే నేనెందుకండి?"

పాదం చల్లదనం ఇంకా సిల్వియా చేతికి తెలుస్తూనే ఉంది. ఆ కాలు పోయిందని ఆమెకి తెలుసు. చేతిలో ఉన్న ప్రాణం కూడా జారిపోతోందనీ తెలుసు.

"తియ్యనండీ," అంది. "నా మాట నమ్మండి."

క్రాంతి కమ్మీ వదిలేశాడు. వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. సూది వేయడానికి చెయ్యి తనే చాపాడు.

థియేటర్లో పొట్ట తెరిస్తే ప్లీహం చితికిపోయి ఉంది. అది తీసేసి నెత్తురు ఆపింది. తరవాత కాలి దగ్గరికి వచ్చింది. నెత్తురు నాళాలు అతకడం అంటే గంటల పని. కుదురుతుందేమో అన్న ఆశతో కాదుగానీ, ఇచ్చిన మాట గొంతు పట్టుకుంటే, ఉండబట్టలేక మొదలుపెట్టింది. తలవైపు మత్తు డాక్టరు భాస్కరరావు కూర్చున్నాడు. ఆయనది తాడేపల్లిగూడెం. ఇంట్లోవాళ్ళంతా బట్టల కొట్టు చూసుకుంటే ఈయనొక్కడూ డాక్టరయ్యాడు. సిల్వియా కన్నా పదేళ్ళు పెద్ద. కంగారు పడే మనిషి కాదు.

"బీపీ నిలబడ్డం లేదమ్మా," అన్నాడు. కాసేపాగి, "సిల్వియా, అతను తట్టుకోలేడు. ఏదో ఒకటి తేల్చు," అన్నాడు.

సిల్వియా గ్లోవ్స్ తీసేసి బయటికి వచ్చింది. క్రిస్టినా గోడవారన నేల మీద కూర్చుని ఉంది. ఆమెని చూడగానే లేచింది.

"కాలు ఉంచాలని చూస్తే మనిషి దక్కేలా లేరండీ," అంది సిల్వియా.

క్రిస్టినా ఏడవలేదు. "మనిషుంటే చాలండి. తీసెయ్యండి," అంది. సిల్వియా వెనక్కి తిరిగేలోపే చెయ్యి పట్టుకుంది. "నేను తియ్యమన్నానని ఆయనకి చెప్పకండమ్మా. జన్మలో నా మొహం చూడడు."

"చెప్పనండీ," అంది సిల్వియా.

ఆ పూట ఆమె ఇచ్చిన రెండో మాట అది.

మర్నాడు క్రాంతికి పూర్తిగా తెలివొచ్చింది. సిల్వియా రౌండుకి వెళ్ళేసరికి దుప్పటి కింద ఒకవైపు చదునుగా ఉన్న చోటునే చూస్తున్నాడు. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది.

"మాటిచ్చారు కదండీ," అన్నాడు.

కోపంగా అంటే బాగుండేది. మరిచిపోయిన సంగతి గుర్తుచేస్తున్నట్టు, మర్యాదగా అన్నాడు.

"ప్రాణం నిలబెట్టాలంటే ఇంకో దారి లేకపోయిందండీ..."

అతను మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆమె వచ్చినప్పుడల్లా అదే. జూనియర్లు అడిగితే నొప్పి ఎక్కడో చెప్పేవాడు. ఆయాతో కూడా రెండు మాటలు మాట్లాడేవాడు. సిల్వియా మంచం దగ్గరికి వస్తే గోడే. ఆమె పట్టీ విప్పి చూసి, మందులు మార్చి, ఏమీ జరగనట్టు పక్క మంచానికి వెళ్ళేది. వెనకాల క్రిస్టినా చూపు తన వీపుకి తగులుతున్నట్టుండేది.

"బతికాడు కదమ్మా. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు భాస్కరరావు ఒకరోజు క్యాంటీన్లో టీ తాగుతూ.

"అబద్ధం ఆడానండీ."

"నేను రోజూ ఆడుతూనే ఉన్నాను. ఏం ఫర్వాలేదు, హాయిగా పడుకుని లేచినట్టుంటుందంటాను. లేచాక వాళ్ళకి హాయిగా ఉంటుందా ఏమన్నా?"

"అది వేరండీ. నేను మా ఊరిని అడ్డం పెట్టుకుని ఆడాను. మా నాన్నని అడ్డం పెట్టుకున్నాను. ఎవరో డాక్టరు చెబితే అతను నమ్మేవాడు కాదు. మనోళ్ళని నమ్మాడు."

"నమ్మకపోతే ఆ స్ట్రెచర్ మీదే పోయేవాడు."

"నాకూ తెలుసండీ," అంది సిల్వియా. తెలిసినా మనసు ఒప్పుకోలేదు. ఆపరేషను తప్పని ఆమె ఒక్కనాడూ అనుకోలేదు. అలాంటి కాలు మళ్ళీ వచ్చినా తీస్తుంది. కమ్మీ వదిలేసి చెయ్యి చాపిన ఆ క్షణమే మింగుడుపడలేదు. చంటిపిల్లాడిలా చాపాడు.

క్రాంతిని ఇంటికి పంపేశారు. ఆ తరవాత వానలు మొదలయ్యే రోజుల్లో పెదవేగి నుంచి ఎలీయాజరు అనే పెద్దాయన్ని తెచ్చారు. పామాయిలు తోటలో ట్రాక్టరు తిరగబడి ఛాతీ మీద పడింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. ఆయనకీ తెలివుంది. సిల్వియా చెయ్యి పట్టుకుని, "బతుకుతానాండీ?" అనడిగాడు.

ఇంకెవరికీ ఉత్తుత్తి మాట ఇవ్వకూడదని ఆమె అప్పటికే ఒట్టు పెట్టుకుని ఉంది. "చెప్పలేనండీ. చాలా పెద్ద దెబ్బ. చెయ్యగలిగిందంతా చేస్తాం," అంది.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. థియేటరు తలుపు దాటేదాకా ఆయన కళ్ళు అటూ ఇటూ ఎవరికోసమో వెతుకుతూనే ఉన్నాయి. మళ్ళీ లేవలేదు.

నిజం చెప్పినందువల్ల ఆయన పోలేదు. ఆ దెబ్బకి ఏ మాట చెప్పినా పోయేవాడే. కానీ ఈ లోకంలో ఆ పెద్దాయన విన్న చివరి మాట తనది. 'ఏం ఫర్వాలేదండీ' అని ఉంటే ఆ కాస్త దూరమైనా ధైర్యంగా వెళ్ళేవాడు కదా అనిపించింది. ఆయన్ని తీసుకెళ్ళడానికి తోట మనుషులు వచ్చినప్పుడు సిల్వియా ఎదురు పడలేక మెట్ల మీంచి కిందికి దిగిపోయింది. అబద్ధం చెప్పి ఒకరిని మోసం చేసింది, నిజం చెప్పి ఒకరిని భయపెట్టింది. ఇక తనకి నోరు విప్పే అర్హతే లేదేమో అనుకుంది. ఆ తరవాత కొన్నాళ్ళపాటు రోగులతో మాట్లాడే పని జూనియర్లకే వదిలేసింది. వాళ్ళు వింతగా చూశారు.

అలాంటి రోజుల్లో క్రిస్టినా ఫోన్ చేసింది.

"కాలు తీసిన చోట వాచిందండి. చీము పట్టింది, వాసనొస్తోంది. జ్వరం. ఏలూరు రమ్మన్నా రాడు, విజయవాడ రమ్మన్నా రాడు. ఇంకో కోత కోత్తారు, నాకు తెలుసంటాడు. ఎవరు చెప్పినా వినట్లేదు. ఒక్కసారి మీరు రాగలరా అమ్మా?"

"నేనొస్తే అసలే వినరేమోనండీ."

"మీ మీద కోపం ఉంది. కోపమున్న మనిషితోనన్నా మాట్లాడతాడేమోనని. మాతో అదీ లేదు."

ఆదివారం పొద్దున్న సిల్వియా కారు తీసింది. ఏలూరు దాటి కైకలూరు రోడ్డెక్కాక రెండుపక్కలా చెరువులే. వానలకి నీళ్ళు రోడ్డు అంచుదాకా వచ్చాయి. చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించి, ఆ ఊరి మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తిప్పేద్దామా అనుకుంది. తిప్పలేదు.

క్రాంతి ఇంటి ముందు వాకిట్లో నులకమంచంలో ఉన్నాడు. గడ్డం పెరిగింది. చిక్కిపోయాడు. ఆమెని చూసి లేవబోయి, అంతలోనే గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

"కుర్చీ తే," అన్నాడు భార్యతో. ఇంటికొచ్చిన మనిషికి చెయ్యాల్సిన మర్యాద అది.

సిల్వియా కుర్చీలో కూర్చోలేదు. మంచం పక్కన నేల మీదే కూర్చుని పట్టీ విప్పింది. అతను వద్దనలేదు. మోకాలి కింద, కుట్లు వేసిన చోట చీము నిండి ఉంది. చర్మం ఒకపక్క నల్లబడింది. శుభ్రం చేస్తున్నంతసేపూ నొప్పికి పళ్ళు బిగబట్టుకున్నాడేగానీ గోడవైపు తిరగలేదు. తిరగడానికి అక్కడ గోడ కూడా లేదు.

"మీ మీద నాకు కోపం దేనికో తెలుసాండీ?" అన్నాడు చివరికి. "కాలు తీసినందుకు కాదు. తియ్యకపోతే చచ్చిపోతావురా అని ఆ రోజే చెప్పుంటే, తీసెయ్యండని నేనే అందునేమో. ఆ మాట నన్ను అననివ్వలేదు మీరు."

"అనేవారాండీ?"

"ఏమో. ఇప్పుడెలా తెలుస్తుందండి?"

ఇన్ని నెలలుగా సిల్వియా తనని తాను ఎన్ని మాటలన్నా, ఇది మాత్రం తట్టలేదు. "తప్పేనండీ," అంది. "మీరు పోతారేమోనన్న భయంలో అనేశాను. మీ కాలు అప్పటికే చల్లబడిపోయిందని తెలిసే అన్నాను."

"అనేవోడివి కాదు!" గుమ్మంలోంచి క్రిస్టినా గొంతు విని ఇద్దరూ తలెత్తారు. ఆమె కుర్చీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "కాలు తియ్యొద్దు, చస్తే చస్తానని ఆ పొద్దుటేల అంబులెన్సులో నువ్వు నాతో అనలా? ఆవిడ బయటికొచ్చి నన్నడిగింది. తీసెయ్యమంది నేను. ఆవిడ్ని చెప్పొద్దన్నాను, చెప్పలేదు. తిడితే నన్ను తిట్టు."

ఆ మాటతో క్రాంతి బిగుసుకుపోయాడు. భార్యని చూశాడు, సిల్వియాని చూశాడు. "ఇద్దరూ కలిసే చేశారన్నమాట," అన్నాడు మెల్లగా.

నోరు మూసుకుని తను దాచిపెట్టిన మాట ఇప్పుడు ఈ ఇంటిని రెండు ముక్కలు చేస్తుందేమో అనిపించింది సిల్వియాకి. అయినా వచ్చిన పని చెప్పక తప్పదు.

"లోపల కుళ్ళు పట్టిందండీ. మళ్ళీ థియేటర్లో శుభ్రం చెయ్యాలి. ఎముక కొంచెం కోయాల్సి రావచ్చు. ఆలస్యమైతే నెత్తురంతా విషమైపోతుంది."

"మోకాలు ఉంటుందా?"

మళ్ళీ అదే ప్రశ్న. క్రిస్టినా సిల్వియాకేసి చూసింది. 'ఉంటుంది' అంటే బండెక్కుతాడు. ఎలీయాజరు మొహం కళ్ళ ముందు మెదిలింది.

"తెలీదండీ," అంది సిల్వియా. "ఉండొచ్చనే అనుకుంటున్నాను. తెరిచి చూస్తేగానీ చెప్పలేను. లోపల కుళ్ళు మోకాలి దాకా ఉంటే తియ్యాలి. అలా ఉంటే తియ్యమంటారా, వద్దంటారా, అది ముందే మీరు చెప్పాలి. మీరేమంటే అదే చెయ్యాలి."

అతను దుప్పటి కాలి మీదకి లాక్కున్నాడు. దూరంగా చర్చిలో పాట మొదలైంది. "మీరు వెళ్ళి రండి," అన్నాడు.

సిల్వియా వెళ్ళిపోయింది. ఏలూరు దాకా ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. పాత బస్టాండు దగ్గర కారు ఆపి కాసేపు అలాగే కూర్చుండిపోయింది. అతను రాడు. వచ్చేలా ఒక్క అబద్ధం చెప్పి ఉండాల్సిందేమో. ఈసారి పోతే, నిజం చెప్పానన్న తృప్తి కోసం చంపినట్టవుతుందేమో.

రెండ్రోజుల తరవాత క్రిస్టినా ఫోనొచ్చింది. "ఒప్పుకున్నాడండి. మోకాలైనా తియ్యమన్నాడు, బతకాలన్నాడు. కాకపోతే..." అని నసిగింది. "మీ చేత మాత్రం వద్దంటున్నాడు."

"అలాగేనండీ," అంది సిల్వియా. మనసు చివుక్కుమన్నా, అతను ఒకటి అడిగాడు, అది చెయ్యగలదు, అంతవరకు నయమనిపించింది. ఏలూరు ఆసుపత్రిలో రోహిత్ అనే సర్జను ఉన్నాడు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. అతనికి ఫోన్ చేసి అన్నీ చెప్పింది. "ముందు ఆయన్ని అడుగు. ఏం చెబితే అదే చెయ్యి. ఏదీ దాచకు," అంది.

ఆపరేషను రోజున సెలవు పెట్టి ఏలూరు వచ్చింది. థియేటరు బయట బెంచీ మీద క్రిస్టినా పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ తలుపుకి బయటివైపు కూర్చోవడం ఆమెకి అదే మొదలు. లోపల ఏం జరుగుతుందో ప్రతి అడుగూ తెలుసు. తెలిసీ చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పటిదాకా తెలీదు. క్రిస్టినా ఒకటి రెండుసార్లు ఆమెకేసి చూసి, "ఏం కాదులెండి," అంది. ఆ మాట ఎంత ఉత్తదో తెలిసినా సిల్వియా దాన్ని పట్టుకునే కూర్చుంది.

మోకాలు దక్కింది.

రోహిత్ వచ్చి ఆ కబురు చెప్పాక సిల్వియా వార్డు గుమ్మం దాకా వెళ్ళింది. "లోపలికి రమ్మంటారేమో అడగండి," అంది. క్రిస్టినా వెళ్ళి వచ్చింది. "పడుకున్నాడండి," అంది తల దించుకుని. తలుపు సందులోంచి అతని కళ్ళు తెరిచి ఉండడం సిల్వియాకి కనపడుతూనే ఉంది. "పడుకోనివ్వండి," అని మెట్లు దిగింది.

ఆ ఏడాది చివరికి క్రాంతికి కృత్రిమ కాలు పెట్టారు. మొదట్లో అది ఒరుసుకుపోతోందని విసిరికొట్టేవాడట. భార్యతో చాన్నాళ్ళు ముక్తసరిగానే ఉన్నాడట. ఒకరోజు తనే కూర గిన్నె ఆమె ముందుకి జరిపాడట. ఈ కబుర్లన్నీ క్రిస్టినా అప్పుడప్పుడూ ఫోన్లో చెప్పేది. నీళ్ళలోకి దిగలేడుగానీ బ్యాచి అతన్ని వదులుకోలేదు. గట్టు మీద నిలబడి వల నడిపిస్తున్నాడు.

సిల్వియా ఇప్పుడు తెలివున్న రోగులని అడుగుతోంది. ప్రాణమా, కాలా అనే చోటికి వస్తే ఏం చెయ్యమంటారని అడుగుతోంది. కొందరు చెబుతారు. కొందరు భయంతో కేకలేస్తారు. ఒకామె 'ఇలాంటివి అడగడానికి నీకు నోరెలా వచ్చింది' అని శాపనార్థాలు పెట్టింది. అడిగే తీరికే లేనప్పుడు సిల్వియా ఏదో ఒకటి అనేస్తుంది. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక, ఏమన్నానా అని గుర్తుచేసుకుంటుంది. ఇది సరైన పద్ధతేనా అని భాస్కరరావునడిగితే ఆయన, "నాకు మత్తివ్వడం వరకే తెలుసమ్మా," అన్నాడు.

మొన్న మాఘంలో క్రిస్టినా ఫోన్ చేసినప్పుడు వెనకనించి కేకలు వినిపించాయి. "అటు కాదెహే, తూము వైపు లాగండి! బాబీ, నిద్రపోతున్నావా?" గట్టిగా, చిరాగ్గా, నిండుగా ఉంది ఆ గొంతు.

"పట్టుబడి జరుగుతోందండి. ఆయనే. మాట్లాడతారా? ఇమ్మంటారా?"

"వద్దండీ, పనిలో ఉన్నారు కదా," అంది సిల్వియా గబగబా.

ఫోను పెట్టేయలేదు. క్రిస్టినా చెరువు సంగతులేవో చెబుతుంటే, ఆ మాటల వెనక అతను జనాన్ని కసురుకోవడం వింటూ నిలబడింది. అతనితో మాట్లాడకుండా తప్పించుకున్నందుకు ఊరటగా ఉంది. ఆ ఊరటకి సిగ్గుగానూ ఉంది. వార్డులోంచి నర్సు పిలిచేదాకా అలాగే విన్నది.